భీమిలి వరసకు పిలుపు

నమోదు 1, సోమవారం

పాత గుమాస్తా వెళ్తూ నాకు రెండే మాటలు చెప్పాడు. పని ముగిశాక రోజూ నమోదు రాయాలి. గడులన్నీ ఆకుపచ్చగా మారేదాకా కుర్చీలోంచి లేవకూడదు. ఈ రోజు రెండూ చేశాను.

ఈ గుమ్మటంలో మనుషుల వేళలన్నీ దర్శి అనే యంత్రం చేతిలో ఉంటాయి. స్నానాల గది ఎవరికి ఎప్పుడు, నాచు తొట్లు ఎవరు కడగాలి, బడిపిల్లలను ఎండగదిలో ఎంతసేపు కూర్చోబెట్టాలి, అన్నీ దర్శి తెరమీద గడులుగా కనిపిస్తాయి. నేను ఒక గడిలో ఒక మనిషి పేరు పెడితే ఆ మనిషి చేతిపట్టీ మోగుతుంది. ‘సరే’ నొక్కితే గడి ఆకుపచ్చ అవుతుంది. సరే అన్న మనిషి రాకపోయినా దర్శి తిట్టదు. చివర ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి ఆ గడిని జరిపి, మళ్ళీ ఆకుపచ్చగానే ఉంచుతుంది. పని నేర్చుకునే రోజుల్లో నాకు దీని ఓపిక చాలా నచ్చింది.

మొదటి రోజే పెద్ద పని వచ్చిపడింది. డాక్టర్ విభావరి గారు తన గదిలోని ఊపిరిబిళ్ళలను పరీక్షిస్తుంటే, అంచు బూడిదరంగులో ఉన్న పెట్టె మొత్తం చెడిపోయిందని తేలింది. మూడేళ్ళ కిందట అదే రకం పెట్టెలోంచి తీసి భీమిలి అనే ఇళ్ళ వరసలో అందరికీ అమర్చారు. మిగతా వరసలకు ఇచ్చినవి వేరే పెట్టెలవి. గుమ్మటంలో గాలి నిండుగా ఉన్నంతకాలం మెడ ఎముక కింద ఉండే ఆ బిళ్ళకు పెద్దగా పని ఉండదు. దుమ్ము లేచి సూర్యుణ్ణి కప్పే మబ్బుకాలంలో మాత్రం కరెంటు తగ్గుతుంది, గాలిగది వాళ్ళు గాలి తగ్గిస్తారు, అప్పుడు మనిషిని నిలబెట్టేది ఆ బిళ్ళే. చెడిపోయిన బిళ్ళ నిద్రలో ఆగిపోతే ఆ మనిషి ఇక లేవడు.

వచ్చే వారం శనివారం గాలి తగ్గిస్తారు. ఈలోగా భీమిలి వరస మొత్తం ఆసుపత్రికి వచ్చి బిళ్ళలు మార్పించుకోవాలి. బల్ల ఒక్కటే, డాక్టరూ ఒక్కరే. అందుకే వేళలు ముఖ్యం.

భీమిలి వరస నేను పుట్టిన వరస. మూడేళ్ళ కిందట నేను బడి గుమ్మటంలో ఉన్నాను కాబట్టి నా బిళ్ళ మంచిది. ఒక్కో పేరూ నేనే పెట్టాను. అందరి వయసు, పనివేళ చూసి, ముసలివాళ్ళకు పొద్దుటి గడులు, తొట్ల పనివాళ్ళకు మధ్యాహ్నం గడులు ఇచ్చాను. సాయంత్రానికి తెరంతా ఆకుపచ్చ. ఒక్కరు కూడా వద్దనలేదు.

అమ్మ గడి ఎల్లుండి పొద్దున్న ఉంది. అమ్మకు చదువు రాదు. పట్టీ మీద సరే గుర్తు, వద్దు గుర్తు రెండే తెలుసు. వద్దు గుర్తును అమ్మ జీవితంలో ఎప్పుడూ నొక్కి ఉండదు.

నమోదు 2, మంగళవారం

ఒక్కరూ రాలేదు.

విభావరి గారు తెల్లవారినప్పటి నుంచి పనిముట్లు కాచి, ఉతికిన గుడ్డ పరిచి కూర్చున్నారు. మధ్యాహ్నం నా గదికి వచ్చి తెర వైపు చూశారు. అప్పటికే దర్శి పొద్దుటి గడులన్నింటినీ చివరికి జరిపేసింది.

“నీ తెరంతా పచ్చగా ఉంది రత్నం. నా బల్ల ఖాళీగా ఉంది. రెండింట్లో దేన్ని నమ్మమంటావు?”

“సరే అన్నారండి. అందరూ సరే అన్నారు.”

“అన్నవాళ్ళు ఎక్కడున్నారు మరి?”

అందరికీ మళ్ళీ గుర్తుచేస్తూ పట్టీలు మోగించాను. అందరూ మళ్ళీ సరే నొక్కారు.

నమోదు 3, బుధవారం

ఇద్దరు వచ్చారు. ఆ ఇద్దరూ వేరే వరస నుంచి ఎప్పుడో పెళ్ళి చేసుకుని వచ్చిన కోడళ్ళు.

గుర్తుచేసే మోతను గంటకోసారి వచ్చేలా మార్చాను. మోత పెంచాను. పట్టీ వణికేలా కూడా పెట్టాను. సాయంత్రం వరసలోకి వెళ్ళి చూస్తే గున్నయ్య మావ చెయ్యి బోసిగా ఉంది.

“పట్టీ ఏది మావా?”

“బియ్యం డబ్బాలో ఎట్టినాను. ఏటే అమ్మీ ఆ గోల. చెవులు తూట్లు పడిపోతన్నాయి.”

“మరి సరే అని ఎందుకు నొక్కావు?”

“నువ్వు పంపినావు గదా. మన గుంట సదువుకుని ఆ కుర్సీలో కూకుంది. కాదంటే బాగుంటాదేటి?”

“రమ్మంటే రావాలి కదా మావా.”

“సూద్దాంలే,” అన్నాడు. నా తల మీద చెయ్యి వేసి లోపలికి వెళ్ళిపోయాడు. వెళ్తూ మెడ ఎముక దగ్గర రుద్దుకున్నాడు. అక్కడ నొప్పిగా ఉందా అని అడుగుదామనుకున్నాను. అప్పటికే తలుపు వేసుకున్నాడు.

అమ్మ కూడా రాలేదు. తొట్ల దగ్గరికి వెళ్ళి అడిగాను. మోచేతుల దాకా నాచు పులుముకుని ఉంది.

“వత్తాన్లే,” అంది. “నా తొందరేటి? ముందు అందరిదీ అవనీ.”

నమోదు 4, గురువారం

గున్నయ్య మావ పొద్దున్న స్నానాల గది ముందు పడిపోయాడు. గాలి ఇంకా తగ్గనే లేదు. కాస్త వేడి నీటి ఆవిరి తగిలేసరికి బిళ్ళ తడబడింది. పెదాలు నల్లబడ్డాయి. నలుగురు మోసుకుంటూ ఆసుపత్రికి తెచ్చారు, విభావరి గారు అక్కడికక్కడే బిళ్ళ మార్చారు. బతికాడు. చెడ్డ బిళ్ళను గిన్నెలో వేస్తూ ఆవిడ నాతో మెల్లగా అన్నారు, “ఇలాంటివి ఇంకా ఎన్ని గుండెల మీదున్నాయో నీకు తెలుసు. మనకు మబ్బుకాలం దాకా కూడా సమయం లేదేమో.”

ఇప్పుడైనా భయపడి వస్తారనుకున్నాను. మావను ఇంటికి చేర్చాక వరస వరసంతా కదిలింది. కానీ ఆసుపత్రికి కాదు, మావ ఇంటికి. ఎవరూ ఎవరికీ కబురు చెప్పలేదు. పొయ్యి మీది గిన్నె దించి కొందరు, తొట్టి మధ్యలో వదిలేసి కొందరు వచ్చేశారు. నడవాలో కాలు పెట్టే చోటు లేదు. నేను మూడు రోజులుగా పట్టీలు మోగిస్తుంటే కదలని మనుషులు, మోతా లేకుండా గడీ లేకుండా ఒక్కసారిగా ఇక్కడికి చేరారు.

దాలమ్మ పిన్ని నా పక్కన నిలబడి ఉంది. వరసలో ఏ శుభకార్యమైనా ముందు నడిచేది ఆవిడే. ఉండబట్టలేక అడిగేశాను.

“ఇక్కడికి పిలవకుండానే వచ్చారు పిన్నీ. నేను పిలిస్తే మాత్రం రారు.”

పిన్ని నన్ను కింద నుంచి పై దాకా చూసింది.

“పిలవకండా ఎల్లేది ఇలాటి ఇంటికేనే. కట్టమొచ్చిన ఇంటికి పిలుపేటి? మంచికైతే పిలవాల. నువ్వు పిలిసినానంతన్నావు. నా గుమ్మంలోకి ఎవులొచ్చినారు? ఎవులు బొట్టెట్టి రమ్మన్నారు?”

“పట్టీ మోగింది కదా.”

“మోగినాది. మనిసి రాకండా మోత ఒచ్చినాదంటే మేమేటనుకుంటాం? ఏదో చెడ్డ కబురే అనుకుంటాం. అలాటి కబురొచ్చిన సోటికి ముందుగా ఎవులెల్తారు? నువ్వెల్తావా?”

పట్టీ మోగించిన ప్రతిసారీ, మోత పెంచిన ప్రతిసారీ ఆ గుమ్మాల్లో నేను ఏం చెప్పుకుంటూ వచ్చానో అప్పుడు అర్థమైంది. బడి గుమ్మటంలో ఉన్న ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ గుమ్మంలోకి వచ్చి పిలవలేదు. అక్కడ అన్నీ గంటలే. మా వరస పెళ్ళి పిలుపులు నాకు గుర్తుండకపోవడం వింత కాదు, కానీ గుర్తుండి ఉంటే బాగుండేది.

నమోదు 5, శుక్రవారం

విభావరి గారికి చెప్పాను. ఆవిడ వేరే గుమ్మటంలో పుట్టి పెరిగారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“బిళ్ళ మార్పించుకోవడానికి బొట్టు పెట్టి పిలవాలా?”

“పిలిస్తే వస్తారండి.”

“మంగళవాయిద్యాలు కూడా కావాలంటే చెప్పు. నాకు మనుషులు బల్ల మీదికి రావాలి, అంతే. ఎలా తెస్తావో నీ ఇష్టం.”

దర్శిలో కొత్త రకం గడి తయారు చేశాను. దాని పేరు ‘పిలుపు’. వరసలో ఒక్కో గుమ్మానికి ఒక్కో పిలుపు గడి. పిలవడానికి వెళ్ళిన ఆడవాళ్ళ జంట ఆ గుమ్మం దగ్గర పని అయిందని నొక్కితే ఆకుపచ్చ. వెళ్ళేవాళ్ళను దాలమ్మ పిన్నే ఎంచింది. పసుపు మళ్ళలో పండిన పసుపుకి సున్నం కలిపి కుంకుమ చేసింది. పాత మోటారు మూతను కడిగి, అందులో పోసింది.

వేళలు కూడా మార్చాల్సి వచ్చింది. పిన్ని పక్కన కూర్చుని ఒక్కో పేరూ చదివితే తల అడ్డంగా ఊపుతూ పోయింది.

“ఆ అప్పసెల్లెల్లు ఒకలు నేకండా ఒకలు కదలరు. ఒకే పూట ఎయ్యి. ఈల్లకీ ఆల్లకీ మాటల్లేవు, ఏరే పూటెయ్యి. ఇదేటి, నిమిసాలు కూడా రాసినావు? పొద్దున్న అని రాయి. ఒత్తారు.”

“పొద్దున్న అంటే దర్శికి అర్థం కాదు పిన్నీ.”

“అదేం సదువుకున్నాదే మరి?”

గడులను పెద్దవి చేసి, కలిసి వచ్చేవాళ్ళందరినీ ఒకే గడిలో పెట్టాను. దర్శి నాలుగుసార్లు హెచ్చరించింది. నాలుగుసార్లూ సరే నొక్కాను.

నమోదు 6, ఆదివారం

నిన్న, ఈ రోజు జంటలు వరసంతా తిరిగాయి. నేను పిన్నితో నడిచాను. గుమ్మంలో నిలబడి పిన్ని అనేది, “రేపు పొద్దున్న డాక్టరమ్మ గారి దగ్గిర బిళ్ళ మారిపించుకోడం. ఇంటిల్లిపాదీ రావాల. మీరొస్తేనే మాకు నిండు.” లోపలివాళ్ళు నుదురు ముందుకు వంచేవాళ్ళు. పిన్ని బొట్టు పెట్టేది. నేను పట్టీ మీద నొక్కేదాన్ని.

నిన్న మధ్యాహ్నం నుంచే రావడం మొదలైంది. ఈ రోజు ఉతికిన బట్టలు కట్టుకుని, పిల్లలకు తలలు దువ్వి, కుటుంబాలకు కుటుంబాలు వచ్చాయి. వేళకి ఎవరూ రాలేదు. కొందరు చాలా ముందే వచ్చి నడవాలో చాపలు పరుచుకున్నారు. వేయించిన గింజలు పంచుకుంటూ, ఒకరి బిళ్ళ మచ్చ ఒకరు చూసుకుంటూ నవ్వుకున్నారు. గున్నయ్య మావ కొత్త మచ్చ చూపిస్తూ తిరిగాడు.

“నాది ముందయిపోనాది. నాకు బొట్టెట్టనేదు గానీ,” అని పిన్నిని దెప్పాడు.

“నువ్వు పడిపోయి ఒచ్చినావు మావా. పిలిసేదాకా ఆగినావేటి?” అంది పిన్ని.

విభావరి గారు నీళ్ళు తాగడానికి కూడా బయటికి రాలేదు. ఒకసారి తలుపు తీసి నడవా చూసి, నా వైపు చూసి, చిన్నగా తల ఊపి మళ్ళీ లోపలికి వెళ్ళారు.

అమ్మ ఇంకా రాలేదు. చివరి రోజు గడిలో ఉంది కదా అనుకున్నాను.

నమోదు 7, మంగళవారం

పిలుపు గడులన్నీ ఆకుపచ్చ. బల్ల ఖాళీ లేదు. ఇలాగే సాగితే గురువారం కల్లా వరస అంతా అయిపోతుంది, రెండు రోజులు మిగులుతాయి. రాయడానికి ఇంకేమీ లేదు. అలసటగా ఉంది, సంతోషంగా ఉంది.

నమోదు 8, బుధవారం

గాలిగది నుంచి మధ్యాహ్నం ప్రకటన వచ్చింది. దుమ్ము ముందే లేచింది. దక్షిణం వైపు కరెంటు పలకలు ఇప్పటికే సగం కప్పుకుపోయాయి. గాలి తగ్గించేది శనివారం కాదు, రేపు సాయంత్రం.

వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాను. విభావరి గారు ట్రేలో మిగిలిన కొత్త బిళ్ళలను చూపించారు. మూడు.

“ఎవరివి?” అని అడిగారు.

నా గదికి వచ్చి తెర చూశాను. మూడు గడులూ శనివారం చివర వరుసగా ఉన్నాయి. మూడూ ఆకుపచ్చగా ఉన్నాయి. వాళ్ళు రాని ప్రతిసారీ దర్శి ఓపిగ్గా వెనక్కి జరుపుతూ పోయి, ఇప్పుడు లేని రోజు మీద నిలబెట్టింది. సూరమ్మ. బంగారమ్మ. కొమర పోలమ్మ. మూడో పేరు అమ్మది.

పిలుపు గడులు తెరిచాను. మూడు గుమ్మాలకూ పిలుపు అయినట్టే ఉంది. పట్టీ తీసుకుని దాలమ్మ పిన్ని ఇంటికి వెళ్ళాను. పిన్ని పిండి కలుపుతోంది.

“సూరమ్మ గారిని పిలిచారా పిన్నీ?”

“ఏ సూరమ్మ? ఆ మూల ఇంట్లో ఉంటాది, ఆవిడా?”

“అవును. పిలుపు అయినట్టు ఉంది.”

“ఆ గుమ్మం దాటీసినాం గదా. దాటీసినాక అయినట్టే.”

“అంటే పిలవలేదు.”

పిన్ని చేతులు ఆగాయి. నా ముఖం చూసింది. నేను ఏదో చిన్నపిల్ల ప్రశ్న వేసినట్టు, నెమ్మదిగా చెప్పింది.

“ఆవిడకి బొట్టెలా ఎడతామే? మొగుడు పోయి ఎన్నేల్లయినాది.”

సూరమ్మ, బంగారమ్మ, అమ్మ. ముగ్గురూ ఒంటరిగా ఉంటారు; ఈ పనిలో చేరాక నేను దర్శి గదిలోనే పడుకుంటున్నాను. ఇంట్లో మరో ఆడమనిషి ఉంటే ఆమెకు బొట్టు పెట్టి ఇంటిల్లిపాదినీ రమ్మనేవాళ్ళు, వీళ్ళూ వెనకే వచ్చేవాళ్ళు. ఈ మూడు గుమ్మాల్లో అలాంటి మనిషి లేదు. వరసలో జంటగా తిరిగిన ఆడవాళ్ళలో ఒక్కరికీ ఏదో వదిలేశామని అనిపించలేదు. గోడను దాటినట్టు దాటేశారు.

నేనూ దాటాను. ఆదివారం పిన్నితో నడుస్తుంటే మా ఇంటి ముందు అమ్మ నిలబడి ఉంది. పిన్ని చేతిలో కుంకుమ చూసి, ఎప్పటిలాగే లోపలికి తప్పుకుంది. నాన్న గనిలో పోయినప్పటి నుంచి అమ్మ అలా తప్పుకోవడం చూస్తూనే పెరిగాను. అందుకే కాబోలు, ఆ గుమ్మం దగ్గర నా కాళ్ళు ఆగలేదు. పట్టీ మీద మాత్రం నొక్కాను.

గాలిగదికి ఫోన్ చేశాను. రేపు ఒక్క పూట ఆపగలరా అని అడిగాను.

“ముగ్గురి కోసం ఆపితే ఉన్న కరెంటు గాలికే అయిపోయి గుమ్మటం మొత్తానికి వెచ్చదనం పోతుందమ్మా,” అన్నాడు అటు పక్క మనిషి. కోపంగా అనలేదు. “పసిపిల్లలున్నారు. ఆ ముగ్గుర్నీ తొందరపెట్టండి.”

రోజంతా నిలబడ్డ విభావరి గారి చేతులు ఈ రాత్రికి ఇక ఆడవు, ముగ్గురినీ పొద్దున్నే తెమ్మన్నారు. పడుకునే ముందు పిలుపు గడిని విప్పి మార్చాను. ఇక మీద పిలిచినవాళ్ళు నొక్కితే ఆకుపచ్చ కాదు. పిలుపు అందుకోవాల్సిన మనిషి పట్టీ మీద ఒక ప్రశ్న వస్తుంది: మిమ్మల్ని పిలిచారా? ఆ మనిషి అవును అంటేనే అయినట్టు. బిళ్ళ మారినవాళ్ళ గడులను అలాగే వదిలాను. మార్చగానే మిగిలిన మూడు గడులు ఎర్రబడ్డాయి. ఈ పది రోజుల్లో తెర నాకు నిజం చెప్పింది ఇప్పుడే.

నమోదు 9, గురువారం

ఈ నమోదు ఆసుపత్రి నడవాలో కూర్చుని రాస్తున్నాను.

పొద్దున్న పిన్ని దగ్గర కుంకుమ అడిగాను. ఎందుకని అడగలేదు, ఆవిడకు తెలుసు. మూత నా చేతిలో పెట్టడానికి చాలాసేపు పట్టింది. “రానంతాది సూడు,” అంది. నా వెంట మాత్రం రాలేదు.

అమ్మ పనికి వెళ్ళలేదు. మంచం మీద కూర్చుని మెడ కింద చేత్తో ఒత్తుకుంటోంది. ఆ చెయ్యి చూడగానే నాకు గున్నయ్య మావ గుర్తొచ్చాడు.

“నొప్పిగా ఉందా అమ్మా?”

“రెండు దినాలై ఉంది. ఏటీ కాదు.”

“ఎందుకు రాలేదు?”

“వత్తానన్నాను గదే. అందరూ ఉతికిన గుడ్డలు కట్టుకుని పిల్లల్తో ఎల్తన్నారు. మంచి పని. ఆల్లకి నాను ఎదురెల్తే బాగుంటాదేటి? ఆల్లదంతా అయిపోనాక గోడలెంట నడిసి ఒద్దామనుకున్నాను. శనారం దాకా ఉందన్నావు గదా.”

“శనివారం లేదమ్మా. ఈ సాయంత్రమే.”

అమ్మ తల ఊపింది. వినగానే లేస్తుందనుకున్నాను. లేవలేదు.

“సూరమ్మ, బంగారమ్మ ఎల్లినారా?”

“లేదు.”

“మరి నానొక్కదాన్నే ముందెలా ఎల్తాను?”

మూత తెరిచాను. అమ్మ చూసి వెనక్కి జరిగింది, వీపు గోడకు తగిలింది.

“ఏటే అది? పిచ్చెక్కినాదేటి నీకు? లోకం ఏటంటాది?”

“ఈ వరసలో పిలిచే పని నాకిచ్చారు అమ్మా. నేను నీ గుమ్మం దాటేసి, పిలిచానని రాసుకున్నాను. అది అబద్ధమైపోయింది. ఇప్పుడు పిలుస్తున్నాను. ఈ రోజు డాక్టరమ్మ గారి దగ్గర బిళ్ళ మార్పించుకోవడం. నువ్వు వస్తేనే మాకు నిండు.”

బొట్టు వంకరగా పడింది. అమ్మ కళ్ళు మూసుకుంది. తుడుచుకుంటుందేమో అనుకున్నాను. అమ్మ లేచి, కొంగు సర్దుకుని, నా చేతిలోంచి మూత తీసుకుంది.

“ఆల్లని నువ్వు పిలిస్తే రారు,” అంది. “ఉండు.”

అమ్మే ముందు నడిచింది. సూరమ్మ గుమ్మంలో నిలబడి పేరు పెట్టి పిలిచింది. లోపలి నుంచి సూరమ్మ వచ్చి అమ్మ నుదురు చూసి గడప దగ్గరే ఆగిపోయింది.

“సూత్తావేటి? పిలవడానికొచ్చినాను,” అంది అమ్మ. “నువ్వొస్తేనే మాకు నిండు.”

బంగారమ్మ ఏడ్చింది. తర్వాత ఆవిడే మంచి చీర కోసం పెట్టె వెతకడం మొదలుపెడితే, గాలి తగ్గిపోతోందని నేను తొందరపెట్టాను. ముగ్గురూ వరస నడవా మధ్యలోంచి నడిచారు. తలుపులు తెరుచుకున్నాయి. దాలమ్మ పిన్ని గుమ్మంలోంచి చూస్తూ నిలబడింది. మేము దాటాక వెనక నుంచి ఆవిడ గొంతు వినిపించింది, “ఒసే పోలీ, గోడ పట్టుకుని నడువు, జారతాది.” అమ్మ గోడ పట్టుకోలేదు.

బంగారమ్మది అయింది. సూరమ్మది కష్టమైంది, పాత బిళ్ళ కండకు అంటుకుపోయింది. పొద్దు వాలింది. ముగ్గురిలో చివర ఉంటానని అమ్మే అంది. నేను ఎంత చెప్పినా వినలేదు. అమ్మ బల్ల ఎక్కేసరికి గాలిగది గంట మోగింది. చెవుల్లో ఒత్తిడి మారడం నాకు కూడా తెలిసింది.

విభావరి గారు కత్తి పట్టుకుని ఆగారు.

“గాలి తగ్గడం మొదలైంది రత్నం. పాతది తీస్తే కొత్తది అంటుకుని వెలిగేదాకా ఈవిడకు ఏ ఆసరా ఉండదు. తియ్యకపోతే రేపటి దాకా ఇది పనిచేస్తుందని నేను చెప్పలేను. ఈవిడనే అడుగు.”

అడిగాను.

“సరే అన్నాను గదే,” అంది అమ్మ.

పాత బిళ్ళ గిన్నెలో పడిన చప్పుడు విన్నాను. అమ్మ పెదాల రంగు మారడం మొదలైంది. మాట్లాడిస్తూ ఉండమన్నారు విభావరి గారు. ఏం మాట్లాడించాలో తోచలేదు.

“అమ్మా, మన వరసలో గుమ్మాలు చెప్పు. మొదటి నుంచి. ఇంకెప్పుడైనా మంచి జరిగితే ఎవరెవర్ని పిలవాలి?”

“గున్నయ్య,” అంది అమ్మ. “ఆ పక్కన అప్పసెల్లెల్లు. తరవాత పంపు కాడ ఇల్లు.” నడుస్తూ నడుస్తూ దాటుకుపోయిన గుమ్మాలన్నీ అమ్మకు వరుసగా గుర్తున్నాయి. ఒక్కోటీ చెబుతోంది. మధ్య మధ్య ఆగుతోంది. “సూరమ్మ. బంగారమ్మ.” ఆగింది. ఆ తర్వాతి గుమ్మం దాలమ్మ పిన్నిది. నేను ఎదురుచూశాను. అమ్మ పెదాలు కదిలాయి, మాట రాలేదు. నా చేతిలో ఉన్న అమ్మ చెయ్యి బరువైపోయింది.

“తర్వాత అమ్మా? తర్వాత ఎవరు?”

విభావరి గారు బిళ్ళ మీద బొటనవేలు పెట్టి నొక్కుతున్నారు. ఆవిడ నుదుటి చెమట అమ్మ మెడ మీద పడింది. తుడవడానికి ఎవరికీ చెయ్యి ఖాళీ లేదు. నేను మళ్ళీ అడిగాను. మళ్ళీ అడిగాను.

ఎముక కింద చర్మంలోంచి నీలం వెలుగు చిన్నగా కనిపించింది. ఆరింది. మళ్ళీ వెలిగి నిలిచింది.

విభావరి గారు స్టూలు మీద కూలబడ్డారు. “ఇంకాసేపు నిద్రపోనివ్వు,” అన్నారు. కళ్ళజోడు తీసి అలాగే కూర్చున్నారు.

నడవాలోకి వచ్చి ఇది రాస్తున్నాను. నా పట్టీ మీద రెండు గడులు ఆకుపచ్చగా ఉన్నాయి. సూరమ్మ, బంగారమ్మ తమ పట్టీల మీద తామే నొక్కారు. అమ్మ గడి ఇంకా ఎర్రగా ఉంది. నా వేలితో మార్చగలను. మార్చలేదు.

ఇప్పుడే అమ్మ లేచింది. లోపలికి వెళ్ళి వచ్చి మిగతాది రాస్తున్నాను. అమ్మ గొంతు బొంగురుగా ఉంది.

“ఏటే అలా సూత్తావు? పని నేదేటి నీకు?”

“ఉంది. నీ దగ్గరే ఆగిపోయింది.” ఆపరేషనుకు ముందు తీసి ఉంచిన అమ్మ పట్టీని ముందుకు పెట్టాను.

అమ్మ దాన్ని దూరంగా పట్టుకుని చూసింది. “ఏటి రాసుంది దీనిలో?”

“నిన్ను పిలిచారా అని అడుగుతోంది.”

అమ్మ వెంటనే నొక్కలేదు. చెయ్యెత్తి నుదుటి మీద వేలు పెట్టి తడుముకుంది. ఆపరేషను చెమటకు కుంకుమ చెదిరిపోయింది, వేలికి కాస్త అంటుకుంది. ఆ వేలిని చూసుకుంది. ఆ వేలితోనే అవును అని నొక్కింది.

పట్టీ మీద ఎర్రగా చిన్న మరక పడింది. కింద గడి ఆకుపచ్చ అయింది.